క్రోసూరు రోడ్డు మీద పద్మిని

ఫిబ్రవరి ఉదయం ఎనిమిదింటికి సత్తెనపల్లి బస్సు మిమ్మల్ని క్రోసూరు సెంటర్లో దించేసి అచ్చంపేట దారి పట్టిందనుకోండి. కళ్లకంటే ముందు ముక్కు మేలుకుంటుంది. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటు సెంటరు దాకా వచ్చి గొంతులో కూర్చుంటుంది. తుమ్మి తలెత్తేసరికి కోతకు పోయే కూలీల ఆటోలు ఒకదాని వెనక ఒకటి. పట్టాల్సిన వాళ్లకు రెట్టింపు మంది ఎక్కారు, వెనక కడ్డీ మీద కూడా ఇద్దరు కూర్చున్నారు. మిరప టిక్కీలు (బస్తాలు) ఎత్తుకున్న లారీ ఒకటి గుంటూరు మిర్చి యార్డుకు బయల్దేరింది, డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. పురుగుమందుల కొట్టు ముందు బైకులు. టీ కొట్టు ముందు ఇంకా బైకులు.

ఈ మోతల్లోనే మరో మోత వినపడుతుంది. డీజిలు గరగర కాదు, కొత్త కార్ల మెత్తని గొంతూ కాదు. కొంచెం జీరపోయి, నాలుగు సిలిండర్లూ విడివిడిగా లెక్కపెట్టుకోగలిగే పెట్రోలు ఇంజను. సందులోంచి లేతనీలం కారు ముక్కు బయటపెడుతుంది. గుండ్రటి లైట్లు రెండు, మధ్యలో మెరుగు తగ్గిన క్రోమియం జాలీ, వెనక చివర్లలో పైకి లేచిన రెండు చిన్న రెక్కలు. నంబరు ప్లేటు మీద ఏపీ 07 లేదు, ఏపీ 39 అసలే లేదు. ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల పాత నంబరు. 1989కి ముందు రోడ్డెక్కిన బండి అని ఆ పలకే చెబుతోంది. ప్రీమియర్ పద్మిని. ఇక్కడి పెద్దవాళ్ల నోట్లో మాత్రం అది ఎప్పుడూ ఫియట్టే.

“ఎక్కండి. తలుపు గట్టిగా లాగాల. మెల్లగా వేస్తే పడదు.”

స్టీరింగు దగ్గరున్న మనిషిని ఊళ్లో అందరూ మాస్టారనే పిలుస్తారు. రిటైరై చాలా కాలమైంది. వెనక సీట్లో మనవడు, ఇంజనీరింగు చదువుతున్నాడు, ఒళ్లో ఫోను. ముందు సీటు మధ్యలో చీలిక లేని ఒకే బెంచీ. సర్దుకుంటే ముగ్గురు పడతారు. గేరు కడ్డీ కింద నుంచి రాదు, స్టీరింగు ఎడమ పక్క నుంచి పొడుచుకొచ్చి ఉంటుంది. ఏసీ లేదు. మీ చేతి దగ్గర కిటికీకి ముందు మూడు మూలల చిన్న అద్దం ఉంది. దాన్ని బయటికి తిప్పితే గాలి నేరుగా మొహానికి కొడుతుంది. మాస్టారు దాన్ని తిప్పి చూపించి, “ఇదే మన ఏసీ,” అంటారు.

బండి 1986 నాటిది. గుంటూరులో ఒక డాక్టరు గారి దగ్గర రెండో చేతిగా కొన్నారు. ఇప్పుడు దాని కాగితాల గడువు దగ్గరపడింది. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదటి 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. అందుకే ఈ ప్రయాణం. ముందు సత్తెనపల్లిలో మెకానిక్ భాయ్ దగ్గర బండిని చూపించుకుని, ఆ తర్వాత ఒకరోజు నరసరావుపేట రవాణా ఆఫీసుకు తీసుకెళ్లాలి.

సెంటరు దాటుతుండగా ఎదురుగా కొత్త ఎస్‌యూవీ ఒకటి ఆగుతుంది. దాని బానెట్టు అంచు మీ కంటికి సమంగా ఉంది. పద్మినిలో కూర్చుంటే రోడ్డు దగ్గరవుతుంది, మిగతా బళ్లన్నీ పెద్దవవుతాయి. ఒకప్పుడు ఇది కుటుంబమంతా ఎక్కే నిండు కారు. పొడవు నాలుగు మీటర్ల లోపు, ఇంజను 1,089 సీసీ. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ దాటని పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. ఆ కొలబద్ద పెట్టి చూస్తే మాస్టారి బండి ఈనాటి లెక్కలోనూ చిన్నకారే.

ఊరు దాటగానే నల్లరేగడి చేలు రెండు పక్కలా పరుచుకుంటాయి. చెట్ల మీద మిగిలిపోయిన పత్తి అక్కడక్కడా తెల్లగా, కల్లాలు ఎర్రగా. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు కూడా దానితో పాటే కదులుతుంది. తారు బాగానే కనిపిస్తున్నా కింద అలలు ఉంటాయి. కొత్త కారు ఆ అలల్ని మింగేస్తుంది. పద్మిని మాత్రం ముందు కాయిల్ స్ప్రింగుల మీద ఒకసారి, వెనక కమాను పట్టీల మీద ఒకసారి ఊగి, ప్రతి అలనీ మీ నడుముకు వివరంగా చెబుతుంది. స్పీడు యాభై. అరవై దాటితే తలుపులు తమలో తాము మాట్లాడుకుంటాయి, అందుకే మాస్టారు దాటరు.

“నా భయం స్పీడు గురించి కాదు,” అంటారు ఆయన. “బ్రేకు గురించి.”

నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పెడలు తొక్కడంలో కాలి బలం తప్ప వెనక నుంచి సాయం పట్టే యంత్రం లేదు. ముందున్న ట్రాక్టరుకూ తనకూ మధ్య ఆయన ఎంత ఖాళీ వదులుతున్నారో గమనించండి. ఆ ఖాళీలోకి ఒక బైకు దూరుతుంది. ఆయన వెనక్కి తగ్గి మళ్లీ ఖాళీ చేసుకుంటారు. అందులోకి ఆటో దూరుతుంది. మళ్లీ తగ్గుతారు. ఈనాటి రోడ్డు మీద అందరూ ఒకరికొకరు రెండడుగుల దూరంలో పోతూ, ఎదుటివాడు ఠక్కున ఆగితే తామూ ఠక్కున ఆగగలమని నమ్ముతారు. ఆ నమ్మకాన్ని వాళ్లకు వాళ్ల బళ్లే ఇచ్చాయి. పద్మిని అటువంటి హామీ ఇవ్వదు. దాని స్టీరింగు పట్టినవాడు పావు ఫర్లాంగు ముందే ఆలోచించాలి. చీకటి పడేలోగా ఇంటికి చేరాలన్నదీ ఆయన నియమమే. లైట్లు పచ్చగా మసగ్గా పడతాయి. ఎదురుగా వచ్చే ఎల్‌ఈడీల ముందు అవి ఉన్నా లేనట్టే. పైగా మిరప సీజన్లో వెనక లైటు లేని ట్రాక్టర్లు ఈ రోడ్డు నిండా ఉంటాయి.

దారి నునుపుగా ఉన్న చోట మాస్టారు చరిత్ర ఎత్తుకుంటారు. క్లాసు చెప్పే గొంతే.

వాల్‌చంద్ హీరాచంద్ 1944లో పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ కంపెనీ బొంబాయి కుర్లాలో కార్లు బిగించేది. ఇటలీ ఫియట్‌తో ఒప్పందం చేసుకుని, 1954 నుంచి ఫియట్ 1100 తయారుచేసింది. 1964లో ఇక్కడికి వచ్చిన 1100డీ నమూనాయే మీరిప్పుడు కూర్చున్నది. ఇటలీలో ఆ నమూనా నాలుగేళ్లలో పాతబడి ఆగిపోయింది. ఇక్కడ 1972లో ప్రెసిడెంట్ అయింది, 1974లో చిత్తోడు రాణి పేరు పెట్టుకుని పద్మిని అయింది, 2000 ప్రాంతం దాకా నడిచింది. లైసెన్సుల కాలం. కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. అంబాసిడరా, ఫియట్టా, లేకపోతే మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డా, ఈ మూడింట్లో ఒకటి. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు చేతులు మారాయి. ఆ రోజుతో ఈ మూడు కంపెనీల కథకు ముగింపు మొదలైంది.

“మరి హెరాల్డులు ఎందుకు కనపడవు తాతయ్యా? అవీ అప్పటివేగా?” మనవడు ఫోను పక్కనపెట్టి అడుగుతాడు.

మాస్టారి దగ్గర జవాబు సిద్ధంగా లేదు. భాయ్‌ని అడుగుదామంటారు.

సత్తెనపల్లి పొలిమేర. పదకొండు కావస్తోంది. దారిలో రెండు చోట్ల ఆగి పలకరింపులు, ఒకచోట కల్లంలో కాయ రేటు మీద చర్చ. ఈ బండిలో వెళ్తే చేరే టైము మన చేతుల్లో ఉండదు. ఎండ అప్పుడే కాల్చేస్తోంది. పత్తి ట్రాక్టరు ఒకటి ముందు ఇరుక్కుంది, దాని వెనక బస్సు, బస్సు వెనక మీరు. పది నిమిషాలుగా నడక వేగమే. ఇంజను గొంతు మారుతుంది. ఒకసారి దగ్గు. మళ్లీ దగ్గు. మాస్టారు యాక్సిలరేటరు నొక్కుతారు, కారు ముందుకు దూకబోయి ఆగిపోతుంది. వెనక హారన్లు.

కంగారు పడేది మీరొక్కరే. మాస్టారు దిగి, మనవణ్ణీ మిమ్మల్నీ నెట్టమని, ఓ వేపచెట్టు నీడకు కారును తిప్పుతారు. చిన్నకారు గుణం అక్కడ తెలుస్తుంది: ఇద్దరు నెడితే కదిలింది. బానెట్టు లేపుతారు. వేడి మొహానికి కొడుతుంది. ఇంజను పక్కనే అరచేతంత పెట్రోలు పంపు. నడక వేగంలో గాలి తగలని ఇంజను వేడికి అందులోని పెట్రోలు ఆవిరైపోయింది. పంపు ద్రవాన్ని తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. కార్బురేటరు ఎండిపోయింది, ఇంజను ఆగింది.

ఆయన డిక్కీలోంచి నీళ్ల సీసా, పాత పంచె గుడ్డ తీస్తారు. గుడ్డ తడిపి పంపుకూ గొట్టానికీ చుట్టి, పైనుంచి ఇంకాస్త నీళ్లు పోస్తారు. ‘చుయ్‌’మంటుంది. ఇక పని లేదు, ఆగడమే. పక్క బండి మీదున్న చెరకు రసం తెప్పిస్తారు. గ్లాసులు ఖాళీ అయ్యాక పంపు కింద ఉన్న చిన్న మీట చూపించి మనవడితో, “కొట్టు,” అంటారు. కుర్రాడు వేలితో టకటక కొడతాడు. మొదట్లో మీట తేలిగ్గా ఆడింది. తర్వాత వేలికి బరువు తగులుతుంది, అంటే పెట్రోలు వచ్చింది. తాళం తిప్పితే మూడో ఊపుకి ఇంజను అందుకుంటుంది. రాజుకోని పొయ్యి ఊదగా ఊదగా భగ్గుమన్నట్టు అందుకుంటుంది. చెరకు రసం కుర్రాడు విజిలేస్తాడు.

భాయ్ షెడ్డు మెయిన్ రోడ్డుకు లోపల. రేకుల పైకప్పు, నూనె తాగి నల్లబడ్డ నేల, గోడకు సైజులవారీగా స్పానర్లు. మూడు ఎలక్ట్రిక్ ఆటోలు వరసలో ఉన్నాయి. వాటి పని చూసుకునేది ఆయన కొడుకు. భాయ్ మాత్రం పద్మిని చప్పుడుకే బయటికొచ్చారు. మిమ్మల్ని చూడరు, మాస్టార్ని పలకరించరు. మెడ వాల్చి ఇంజను వింటారు.

“రెండో సిలిండరు పలకట్లా మాస్టారూ.”

పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుంటారు. వాల్వుల దగ్గర ఒకసారి, పంపు దగ్గర ఒకసారి. మిమ్మల్నీ వినమంటారు. మీకు అంతా ఒకే టకటకలా వినిపిస్తుంది. “అలవాటు కావాల,” అని స్క్రూడ్రైవరు వెనక్కి తీసుకుంటారు. తర్వాత డిస్ట్రిబ్యూటరు మూత విప్పుతారు. లోపల చిటికెన వేలి గోరంత సీబీ పాయింట్లు. అవి విడిపోయినప్పుడల్లా ఒక నిప్పురవ్వ పుట్టాలి. వాటి మధ్య ఖాళీ అర మిల్లీమీటరు కన్నా తక్కువ. ఆ ఖాళీ తప్పితే బండి తప్పినట్టే. ఎమరీ కాగితంతో రుద్ది, ఫీలర్ గేజి రేకు దూర్చి, మరను పావు చుట్టు తిప్పుతారు.

“కొత్త కారుకి కంప్యూటరు తగిలిస్తే జబ్బేందో అదే చెప్పుద్ది,” అంటారు పని ఆపకుండా. “ఇది చెప్పదు. మనమే అడగాల.”

పంపు విప్పితే అసలు సంగతి బయటపడింది. లోపలి రబ్బరు డయాఫ్రం మెత్తబడి ఉబ్బింది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. చెరకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి తీసిన ఆల్కహాలు. ఈ బండి రబ్బర్లన్నీ ఉత్త పెట్రోలుకు చేసినవి. ఇథనాల్ వాటిని ఉబ్బిస్తుంది, పైగా గాల్లోని తేమను లాక్కుని ట్యాంకు అడుగున నీళ్లు చేరేలా చేస్తుంది. బండిని నెలల తరబడి కదలకుండా పెడితే ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. 2000 ఫిబ్రవరిలో దేశమంతటా పెట్రోల్లోంచి సీసం తీసేసినప్పుడూ పాతకార్లకు ఇట్లాగే ఓ గండం వచ్చింది. సీసం పూత లేక వాల్వు కూర్చునే చోట అరుగుదల మొదలైంది. అప్పుడు గట్టి సీట్లు కొట్టించి గట్టెక్కారు. ఇప్పుడు ఇథనాలుకు తట్టుకునే కొత్త రబ్బర్లు వేయాలి. నలభై ఏళ్ల బండికి శత్రువు వయసు కాదని ఈ షెడ్డులో నిలబడితే అర్థమవుతుంది. బండి మారలేదు. దాని చుట్టూ పెట్రోలు మారింది, రోడ్డు మారింది, చట్టం మారింది.

మనవడు ఇందాకటి ప్రశ్న ఎత్తుతాడు. హెరాల్డు ఏమైంది?

భాయ్ చేతులు తుడుచుకుని ఎత్తి పెట్టిన టైరు మీద కూర్చుంటారు. హెరాల్డు మంచి బండే, అంటారు. ముందు భాగమంతా ఒక్క ముక్కగా లేచేది, ఇంజను చుట్టూ కూర్చుని పని చేసుకోవచ్చు. ఇరుకు సందులో కూడా తిరిగేది. కానీ దాన్ని కొన్నవాళ్లు డాక్టర్లు, లాయర్లు. టాక్సీ కాలేదు. మద్రాసు కంపెనీ 1972లో దాని తర్వాతి కారు గెజెల్ తెచ్చి, కొన్నే చేసి, 1977లో ఆపేసింది. పద్మిని బొంబాయిలో టాక్సీ అయింది. నలుపూ పసుపూ రంగుల్లో వేలకు వేలు, రాత్రింబవళ్లు తిరిగాయి. అవి తిరిగినన్నాళ్లూ వాటికి డయాఫ్రం కావాలి, కింగ్ పిన్ను కావాలి, బ్రేకు రబ్బరు కావాలి. వాటి కోసం ఎవడో ఒకడు చేస్తూనే ఉన్నాడు. ఆ సరుకులో కొంత విజయవాడ ఆటోనగర్ మీదుగా ఈ షెడ్డు దాకా వచ్చేది. బొంబాయి టాక్సీవాడి కష్టం మీద క్రోసూరు మాస్టారి సరదా నడిచింది.

ఆ ఆసరా కూడా పోయింది. ముంబయిలో టాక్సీకి ఇరవై ఏళ్లే ఆయుష్షు. ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న తార్‌దేవ్ రవాణా ఆఫీసులో రిజిస్టరైంది. 2023 అక్టోబరు 30 నుంచి అదీ రోడ్డు దిగింది. ఇక దొరికేది మిగిలిపోయిన సరుకు, లేదంటే చేసుకున్న సరుకు. 1966లో మొదలైన ఆటోనగర్‌లో లేతు మెషిన్ల మీద ఇత్తడి బుష్షు తిప్పించుకోవచ్చు, బోరు కొట్టించుకోవచ్చు. ఇనుముతో అయ్యేది ఏదైనా అక్కడ పుడుతుంది. రబ్బరు, అద్దం, 14 అంగుళాల సన్న టైరు, వీటి దగ్గరే వెతుకులాట.

“దీన్ని వింటేజీ కింద పెట్టేస్తే గోల ఉండదుగా?” అని మీరడుగుతారు.

మాస్టారు నవ్వుతారు. 2021 జులైలో కేంద్రం ఆ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికే ఆ హోదా. ఫీజు 20,000 రూపాయలు, కొత్తగా నంబరు వేసే బళ్లకైతే ‘వీఏ’ అక్షరాలు. ఈ బండి 2036 దాకా ఆగాలి. ఆ తర్వాత కూడా ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలుకూ రిపేరుకూ తప్ప రోజువారీగా నడపకూడదు. హోదా ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టడమన్నమాట. మామూలు బండిగా ఉంచాలంటే పొడిగింపు ఫీజు. 2022 ఏప్రిల్‌కు ముందు 600 ఉండేది, అప్పుడు 5,000 అయింది, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. ఢిల్లీలో అయితే పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండికి రోడ్డే లేదని 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పల్నాడులో ఆ నిషేధం లేదు. ఇక్కడ వయసు అడగరు, ఫిట్‌నెస్ అడుగుతారు.

“పదివేలు కడతా,” అంటారు మాస్టారు. “బజారుకి పోయేదానికి, పెళ్లికి పోయేదానికి నాకు కారు కావాల. ప్రదర్శనకి కాదు.”

ఆ మాటలో మొండితనం ఉంది గాని, యంత్రం వైపు నుంచి చూస్తే న్యాయం కూడా ఉంది. నడిచే బండిలో నూనె ప్రతి సందుకూ చేరుతుంది, సీళ్లు తడిగా ఉంటాయి, బ్యాటరీ నిండుతుంది, బ్రేకు సిలిండర్లు పట్టేయవు. షెడ్డులో గుడ్డ కప్పిన బండికి బయట మెరుపు మిగిలి, లోపల తుప్పు పడుతుంది. అయితే నడపడానికి యజమాని ఒక్కడూ చాలడు. ఆ అర మిల్లీమీటరు ఖాళీ తెలిసినవాడు గంట దూరంలో ఉండాలి. భాయ్ కొడుక్కి ఎలక్ట్రిక్ ఆటోల మోటార్లు తెలుసు, కంట్రోలర్లు తెలుసు. కార్బురేటరు ముట్టుకోడు. ముట్టుకోవాల్సిన అవసరమూ అతనికి లేదు. ఈ షెడ్డుకు ఇట్లాంటి పాతబళ్లు ఏడాదికి ఎన్నొస్తాయని!

కొత్త డయాఫ్రం పడింది, గొట్టాలు మారాయి. నాలుగు సిలిండర్లూ పలుకుతున్నాయి. భాయ్ గ్రీజు గన్ను తెచ్చి మాస్టారి చేతికివ్వబోయి, ఏదో తోచి, మనవడి వైపు చాపుతారు.

“ఇట్రా అబ్బాయ్. ఇంజనీరింగు కాలేజీలో ఇది చెప్పరు.”

కుర్రాడు ఇస్త్రీ చొక్కా చూసుకుంటాడు, తాతను చూస్తాడు. తాత సాయం రారు. గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరతాడు. కాసేపు గన్ను కిచకిచలు, ఒక తిట్టు, మళ్లీ కిచకిచలు.

“నిపుల్సు అన్నిట్లో కొట్టావా?” భాయ్ వంగి అడుగుతారు.

“కొట్టా. కింగ్ పిన్నులయ్యాయి, స్టీరింగు రాడ్లయ్యాయి.”

“షాఫ్టు దగ్గర?”

కింద నిశ్శబ్దం. “షాఫ్టుకి కూడా ఉంటదా?”

“నలభై ఏళ్ల నుంచి ఉంది. బురద తుడిచి చూడు, కనపడుద్ది,” అంటూ భాయ్ టీ చెప్పడానికి రోడ్డు మీదికి పోతారు. మాస్టారు మోకాళ్లు వంచి, టార్చిలైటు కారు కిందికి పట్టుకుంటారు.